అందరును ఆడవలెను: బాలల ఫుట్‌బాలు సంఘముల చరిత్ర

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో బంతాటను గూర్చిన వ్యాసమేల యని కొందరు పాఠకులకు తోచవచ్చును. పుస్తకము పట్టిన పిల్లవాడు కదలడనియు, బంతి తన్నెడు పిల్లవాడు కుదురుగా కూర్చుండడనియు పెద్దలు అనుచుందురు. అయినను ఈ రెంటికిని ఒక చుట్టరికము కలదు. మన దేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయములకు అయిదు సూత్రములను ప్రకటించిరి. పాఠకుడు ఎట్టివాడైనను అతనికి కావలసిన పుస్తకము అతనికి అందవలెననుట వానిలో నొకటి. గ్రంథాలయము పండితుల సొత్తు కాదు, తలుపు తట్టిన ప్రతివానిదియును అని దాని తాత్పర్యము. ఆ గ్రంథము వెలువడిన 33 ఏండ్లకు, వేరొక ఖండమున, కొందరు తల్లిదండ్రులు పసిపిల్లల ఆటకు అట్టి సూత్రమునే కల్పించిరి. పేరు వ్రాయించుకొన్న ప్రతి పిల్లవాడును ఆడవలెను. గట్టున కూర్చుండి చూచుట కాదు, నిజముగా ఆడవలెను. ఆ సూత్రము ఎట్లు పుట్టినదో, తరువాత ఎట్టి ఒత్తిడులకు లోనైనదో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ చిక్కునకు మన పల్లెలలో పిల్లలే ఒక ఉపాయము కనిపెట్టియున్నారు. కోతికొమ్మచ్చి గాని, దాగుడుమూతలు గాని ఆడునపుడు చిన్న తమ్ముడో చెల్లెలో వెంటబడి ఏడ్చినచో, "ఆటలో అరటిపండు" అని చేర్చుకొందురు. ఆ బిడ్డ అందరితో పాటు పరుగెత్తును, కేకలు వేయును. పట్టుబడినను దొంగ కాడు, గెలిచినను లెక్కకు రాడు. ఇందులో దయ యున్నది. కాని కొన్నాళ్లకు ఆ బిడ్డకే తాను లెక్కలోనివాడను కానని తెలిసిపోవును. అదియే ఆ దయలోని లోపము. మనము చెప్పుకొనబోవు సూత్రము అరటిపండును ఆటలో నుండి తీసివేసి, చిన్నవానిని లెక్కలోనికి ఎక్కించినది.

మొదట పేరును గూర్చి రెండు మాటలు. అమెరికాలో ఫుట్‌బాలు అనిన కోలగా నుండు బంతిని చేత పట్టి విసరుచు ఆడు వేరొక ఆట. మనము ఫుట్‌బాలు అనుదానిని వారు "సాకర్" అందురు. ఈ మాటను అమెరికావారే పుట్టించిరని పలువురు తలంతురు గాని, అది ఇంగ్లండు సరకే. 1863లో లండనులో ఏర్పడిన ఫుట్‌బాల్ అసోసియేషన్ వారి నియమములను బట్టి ఆడు ఆటకు "అసోసియేషన్ ఫుట్‌బాల్" అని పేరుండగా, అచటి విద్యార్థులు ఆ పొడుగు మాటను తుంచి సాకర్ అనిరి. ఆ ముద్దుపేరు సముద్రము దాటి స్థిరపడినది, పుట్టినింట మాసిపోయినది.

1960 ప్రాంతమున ఆ ఆట అమెరికాలో చాలవరకు వలస వచ్చినవారి ఆటగానే యుండెను. జర్మనులు, ఇటాలియనులు, స్కాట్లండువారు, మెక్సికోవారు తమ తమ పేటలలో క్లబ్బులు పెట్టుకొని సెలవు దినములందు ఆడుకొనుచుండిరి. తక్కిన అమెరికా బాలురకు బేస్‌బాలు ప్రాణము. వారి కొరకు 1939లోనే పెన్సిల్వేనియా రాష్ట్రమందలి విలియమ్స్‌పోర్టు పట్టణమున కార్ల్ స్టాట్జ్ అను నాతడు "లిటిల్ లీగ్" అను సంఘమును నెలకొల్పెను. పిల్లల అడుగులకు తగిన మైదానము, పిల్లల చేతులకు తగిన పనిముట్లు ఏర్పరచిన ఆ ప్రయత్నము గొప్పది. అది దేశమంతట వ్యాపించినది. కాని ఆ కాలమున అచట పరీక్షించి ఎన్నుకొను పద్ధతి యుండెను. నేర్పరి ఆడును, నేర్పు చాలనివాడు యూనిఫారము తొడుగుకొని ఎక్కువసేపు బల్లమీద కూర్చుండును. బాలికలకు 1974 వరకు ప్రవేశమే లేదు.

ఇట్టి దేశమున, 1964లో, కాలిఫోర్నియా రాష్ట్రమందు లాస్ ఏంజిల్స్ నగరమునకు నైరుతి దిక్కున సముద్రపు చేరువనున్న టారెన్స్ పట్టణమున, 9 జట్లతో ఒక సంఘము మొదలైనది. దాని పేరు అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్. హాన్స్ స్టియర్లీ, బిల్ హ్యూస్ మొదలగువారు దాని స్థాపకులు. పేరు పొడుగుగా నున్నది గనుక దీనిని టారెన్స్ సంస్థ యని పిలుచుకొందము.

ఆ సంస్థ కాలక్రమమున ఆరు ఆశయములను ప్రకటించినది. వానిలో సత్ప్రవర్తన, ప్రోత్సాహము వంటివి ఏ సంఘమైనను చెప్పుకొనునవే కనుక వానిని విడిచిపెట్టుదును. తక్కినవారికిని ఈ సంస్థకును భేదము తెచ్చినవి మూడు: అందరును ఆడవలెను, జట్లు సమతూకముగా నుండవలెను, నమోదు అందరికిని తెరచియుండవలెను.

అందరును ఆడవలెననుట చెప్పుటకు సులభము. దానిని అమలుపరచిన తీరులోనే వారి తెలివి యున్నది. శిక్షకుని మంచితనమునకు విడిచిపెట్టినచో, ఆట బిగువుగా సాగుచున్న వేళ ఎంత మంచివాడైనను బలహీనుడగు పిల్లవానిని మైదానములోనికి పంపుటకు వెనుదీయును. కావున వారు ఆటను నాలుగు పాళ్లు చేసిరి. ఒక్కొక్క అర్ధభాగము నడుమ రిఫరీ ఆటను నిలుపును. అప్పుడు పిల్లలను మార్చుదురు. ప్రతి పిల్లవాడును నాలుగింట కనీసము రెండు పాళ్లు, అనగా సగము ఆట, ఆడితీరవలెను. ఏ పాలున ఎవరు వెలుపల నుండిరో రిఫరీ యొద్దనున్న జాబితా కాగితముపై గుర్తు పడును. ఆట చివర ఆ కాగితమే సాక్ష్యము. దయ కాగితమునకెక్కి హక్కుగా మారినది.

జట్ల సమతూకము ఇంకను కష్టమైన పని. ఏటేట జట్లను విడదీసి క్రొత్తగా కూర్చుదురు. ఆటల కాలము ముగియగానే శిక్షకులు తమ పిల్లల నేర్పునకు అంకెలు వేసి స్థానిక సంఘమునకు ఇత్తురు. సంఘమువారు ఆ అంకెలను ముందుంచుకొని, బలవంతులందరు ఒకచోట చేరకుండ, బలహీనులందరు వేరొకచోట కుప్పపడకుండ పంచుదురు. నిరుడు గెలిచిన జట్టు ఈ యేడు ఉండదు. ఇందులో మానవ స్వభావము తొంగిచూడకపోలేదు. ఇట్టి సంఘములలో శిక్షకుని బిడ్డ సామాన్యముగా శిక్షకుని జట్టులోనే యుండును గనుక, తన బిడ్డకు చిన్న అంకె వేసికొని, ఆ మిషతో మరియొక గట్టి ఆటగానిని రాబట్టుకొను తండ్రులు ఉందురు. ప్రేమ గల తండ్రి తన బిడ్డను లోకము ముందు తక్కువచేసి చూపు సందర్భము బహుశః ఇదియొక్కటే యగును!

మూడవది నమోదు. చేరుటకు పరీక్ష లేదు. నాలుగైదేండ్ల పిల్లల నుండి చేర్చుకొందురు. అంగవైకల్యము గల పిల్లలకు ప్రత్యేకముగా ఒక విభాగమును తరువాత ఏర్పరచిరి. అందు ఒక్కొక్క బిడ్డకు తోడుగా వేరొక బాలుడో బాలికయో మైదానమున నడచును. చేరుటకు కొంత రుసుము గలదు; అది చొక్కాకు, మైదానమునకు, భీమాకు సరిపోవునట్టిది. జీతములకు కాదు. ఏలయన శిక్షకులు, రిఫరీలు, గీతలు గీయువారు, జాబితాలు వ్రాయువారు అందరును పిల్లల తల్లిదండ్రులే. శనివారము తెల్లవారుజామున లేచి గోలు స్తంభములకు వల కట్టినవాడు మధ్యాహ్నము అదే మైదానమున ఈల ఊదును. విరామ సమయమున పిల్లలకు నారింజ తొనలు కోసి తెచ్చుట తల్లులకు వంతుల వారీగా వచ్చు పని. మన పల్లెలలో తొలి గ్రంథాలయములను నడిపినవారును ఇట్టివారే గదా. పగలు పొలముననో బడిలోనో పనిచేసి, సాయంకాలము దీపము వెలిగించి బీరువా తీసినవారికి ఎవరు జీతమిచ్చిరి? 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు పెట్టిన పెట్టుబడి తమ కాలమే.

టారెన్స్ తల్లిదండ్రులకు ఒక విచిత్రమైన అనుకూలత యుండెను. వారిలో పెక్కురకు ఆ ఆట రాదు. బేస్‌బాలులో ప్రతి తండ్రియు పండితుడే; కొడుకు తప్పుచేసిన వెంటనే గట్టు మీద నుండి ఉపదేశము మొదలుపెట్టును. సాకరులో తండ్రికిని కొడుకునకును పాఠము ఒక్కనాడే ప్రారంభము. రాత్రి నియమావళిని చదివి ఉదయము పిల్లలకు చెప్పిన శిక్షకులు ఎందరో. తమకే తెలియని ఆటను గూర్చి బిడ్డను గద్దించుట ఎవరికైనను కష్టము. ఆ అజ్ఞానము కొంతకాలము పిల్లలకు గొప్ప రక్షణ యైనదని నా యభిప్రాయము.

1971లో ఆ సంస్థ బాలికలకు విభాగమును తెరచినది. మరుసటి సంవత్సరము, 1972లో, ప్రభుత్వ ధనము పొందు విద్యాసంస్థలలో స్త్రీపురుష వివక్ష కూడదను చట్టము అమెరికాలో వచ్చినది. ఆ చట్టము వలన కళాశాలలు బాలికలకు జట్లు ఏర్పరచవలసి వచ్చినది. ఆడనేర్చిన బాలికలు కావలసి వచ్చిరి. పేటల మైదానములలో వారు అప్పటికే పరుగెత్తుచుండిరి. 1999 జూలై 10వ తేదీన, టారెన్సుకు ఎంతో దూరము కాని పసడేనాలోని రోజ్ బౌల్ మైదానమున, స్త్రీల ప్రపంచ కప్పు తుది ఆటను చూచుటకు 90,185 మంది వచ్చిరి. అమెరికా, చైనా జట్లు ఒక్క గోలైనను లేక సమానముగా నిలువగా, పెనాల్టీలలో అమెరికా గెలిచినది. నాటి అమెరికా జట్టులో ఆడిన జూలీ ఫౌడీ బాల్యమున టారెన్స్ సంస్థ జట్లలో ఆడినదే. అయితే ఆ సూత్రము ఫౌడీ వంటివారి కొరకు పుట్టినది కాదు. అట్టి ప్రతిభ గలవారు ఏ పద్ధతిలోనైనను మైదానము చేరుదురు. ఆమెతో పాటు చొక్కా తొడిగి, సగము ఆట ఆడి, ఇంటికి పోయి, పిమ్మట వైద్యులో గుమాస్తాలో అయిన వేల బాలికలే దాని అసలైన ఫలము.

పెద్దల ఆట సంగతి వేరుగా నడచినది. 1975లో బ్రెజిలు వీరుడు పీలే న్యూయార్క్ కాస్మాస్ జట్టున చేరగా దేశమున సంచలనము పుట్టినది. 1977 ఆగస్టులో ఆ జట్టు ఆటకు 77,691 మంది వచ్చిరి. కాని ఆ వెలుగు నిలువలేదు. జట్ల యజమానులు వచ్చిన దానికంటె ఎక్కువ ఖర్చు పెట్టిరి. 1984 ఆటల తరువాత ఆ వృత్తి లీగు మూతపడినది. పిల్లల సంఘములు మాత్రము మూతపడలేదు. 1974లో యునైటెడ్ స్టేట్స్ యూత్ సాకర్ అసోసియేషన్ అను మరియొక పెద్ద సంస్థయు ఏర్పడి రాష్ట్రరాష్ట్రమున విస్తరించినది. యజమాని లేని ఆటను మూయువాడెవడు? 1996 అధ్యక్ష ఎన్నికల నాటికి, పిల్లలను శనివారము మైదానమునకు కారులో తీసికొనిపోవు తల్లులను "సాకర్ మామ్" లని పిలిచి, వారి ఓట్ల కొరకు పత్రికలు, పార్టీలు లెక్కలు వేయుటయు జరిగినది.

ఇక ఆ సూత్రమునకు వచ్చిన చిక్కులు చెప్పవలెను. మొదటిది నేర్పరి బిడ్డ తండ్రి ఫిర్యాదు. "నా బిడ్డ బాగుగ ఆడును. బంతిని చూచి ప్రక్కకు తొలగు పిల్లల నడుమ వాడేమి నేర్చుకొనును?" అని అతని ప్రశ్న. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. బడిలో చురుకైన విద్యార్థి తండ్రియు ఇట్లే అడుగును. అట్టివారి కొరకు ఎంపిక జట్లు గల పోటీ క్లబ్బులు పుట్టినవి. అచట జీతము గల శిక్షకులు, దూర ప్రయాణములు, హోటలు బసలు. ఖర్చు ఏడాదికి వేల డాలర్లకు చేరును. మొదట పెద్ద పిల్లలకే యున్న ఈ ఎంపిక క్రమముగా ఎనిమిది, తొమ్మిదేండ్ల పిల్లల వరకు దిగివచ్చినది. ఆ ఈడున ఎంపిక యనునది ఎంత గ్రుడ్డిదో పరిశోధకులు పలు దేశములలో చూపియున్నారు. ఒకే యేటి పిల్లలలో ఏడాది మొదట పుట్టినవాడు చివర పుట్టినవానికంటె దాదాపు సంవత్సరము పెద్ద. ఏడేండ్ల వయసున అది గొప్ప తేడా. ఎన్నుకొనువారు నేర్పును ఎన్నుకొనుచున్నామని తలంచుచు, తరచుగా పుట్టిననెలను ఎన్నుకొందురు.

పేదవాని బిడ్డ సంగతి చెప్పనక్కర లేదు. వలసవచ్చిన శ్రామికుల పేటలలో ప్రాణముతో సమానమైన ఆట, డబ్బుగల పేటల వ్యాపకమై, తిరిగి ఆ శ్రామికుల బిడ్డలకే అందరానిదగుట ఈ చరిత్రలో మిక్కిలి విచారకరమైన ఘట్టము. టారెన్స్ సంస్థయు ఈ ప్రవాహమునకు పూర్తిగా ఎదురీదలేకపోయినది. గట్టి ఆటగాండ్రు వెడలిపోవుచుండగా వారిని నిలుపుకొనుటకై అదియు ఎంపిక జట్లను కొన్నింటిని ప్రారంభించినది. సాధారణ జట్లలో మాత్రము సగము ఆట నియమమును విడువలేదు.

రెండవ చిక్కు గట్టు మీది పెద్దలు. తొలితరము తండ్రుల అజ్ఞానము రెండవతరమునకు లేదు. బాల్యమున ఆడినవారు తండ్రులైరి. బేస్‌బాలు పాండిత్యము సాకరులోను ప్రవేశించినది. ఈల పట్టిన పదునాలుగేండ్ల బాలరిఫరీ మీద కేకలు వేయు పెద్దలు బయలుదేరిరి. దీనికి విరుగుడుగా కొన్నిచోట్ల మౌన శనివారములు ఏర్పరచిరి. ఆనాడు గట్టున నున్నవారు చప్పట్లు కొట్టవచ్చును గాని నోరు మెదపరాదు. జర్మనీలో 2007లో ఆకెన్ నగర ప్రాంతమున రాల్ఫ్ క్లోర్ అను శిక్షకుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. అతడు మొదలుపెట్టిన లీగులో పసిపిల్లల ఆటకు రిఫరీయే లేడు. బంతి ఎవరిదో పిల్లలే తేల్చుకొందురు. తల్లిదండ్రులు గీతకు దూరముగా, సుమారు 15 మీటర్ల అవతల నిలువవలెను. మన వీధిలో గోలీలాడు పిల్లలు తగవులు తీర్చుకొను పద్ధతియే ఇది.

ఆట కొలతయు మారినది. పెద్దల మైదానమున పదకొండుగురు చొప్పున ఆరేండ్ల పిల్లలను దింపినచో, తేనెటీగల వలె అందరును బంతి చుట్టు మూగుదురు; బలవంతులు నలుగురు తన్నుకొందురు; తక్కినవారు గాలిని తన్నుదురు. సగము ఆట మైదానమున నిలిచినను ఒక్కసారియు బంతి తగలనివాడు ఆడినట్లా? కావున 2017 నుండి అమెరికా సాకర్ సమాఖ్య ఎనిమిదేండ్ల లోపువారికి జట్టుకు నలుగురు, పదేండ్ల లోపువారికి ఏడుగురు, పండ్రెండేండ్ల లోపువారికి తొమ్మండుగురు అని నియమించినది. నలుగురాడు ఆటకు గోలు కాపరియు లేడు. అంతకు ముందే, 2015లో, పదేండ్లు, అంతకు లోపువారు బంతిని తలతో కొట్టరాదని నిషేధించిరి. మెదడునకు తగులు దెబ్బలను గూర్చి తల్లిదండ్రులు న్యాయస్థానమునకు ఎక్కిన తరువాత వచ్చిన మార్పు అది.

పిల్లల ఆటను గూర్చి దేశమంతయు ఒక్కమాట మీద నిలిచిన ఉదాహరణము కావలెనన్నచో నార్వే వైపు చూడవలెను. అచటి జాతీయ క్రీడా సమాఖ్య 1987లోనే బాలల క్రీడలకు నియమములు చేసినది. 2007లో బాలల హక్కుల పేరిట వానిని ప్రకటించినది. వాని ప్రకారము పదకొండవ యేడు వచ్చువరకు గెలుపోటముల పట్టికలు ప్రకటింపరాదు. పదమూడవ యేటి వరకు జాతీయ స్థాయి పోటీలు లేవు. బహుమతులిచ్చినచో అందరికిని ఈయవలెను. ఇట్లు పెంచిన పిల్లలు పోటీకి పనికిరారని కొందరు వాదింతురు. 2022లో బీజింగులో జరిగిన శీతకాల ఒలింపిక్సులో 16 స్వర్ణ పతకములతో ప్రథమస్థానము పొందినది 60 లక్షల జనాభాయైన లేని ఆ దేశమే. మంచు దేశమునకు మంచు ఆటలు వచ్చుటలో వింత యేమియని ప్రతివాది యనవచ్చును, అదియు నిజమే. కాని అందరిని ఆడించుట గెలుపునకు అడ్డు కాలేదనుట కాదనలేము.

మన తెలుగు నేలకు ఈ ఆట క్రొత్త కాదు. హైదరాబాదున ఉపాధ్యాయుడుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఏషియా క్రీడలలో స్వర్ణము గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచినది. 1960లో మొదలైన సుబ్రతో కప్పు పాఠశాలల జట్లకు వేదిక యైనది. కాని అవి ఎన్నుకొనబడిన బాలుర ఆటలు. ఆరేడేండ్ల పిల్లలను పేరు వ్రాయించుకొన్నంత మాత్రమున ఆడించు ప్రయత్నము జాతీయ స్థాయిని చాల ఆలస్యముగా, 2018లో అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య "గోల్డెన్ బేబీ లీగ్" పేర మొదలుపెట్టినది. ఈశాన్యమున మిజోరము, మేఘాలయములలో అట్టి బాలల లీగులు ముందుగా వేళ్లూనినవి. అందు బాలురు, బాలికలు కలిసి ఆడవచ్చును. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, స్థానిక యువకులు నడిపింతురు.

ఇక తెలుగువారు అమెరికాలో ఎచ్చట కుదురుకొన్నను వారి పిల్లలలో చాలమంది మొదట ఎరుగు ఆట ఇదియే. క్రికెట్టుతో పెరిగిన తండ్రులు, ఎన్నడును బంతి తన్నని తల్లులు శనివారము ఉదయము గట్టున మడత కుర్చీలు వేసికొని కూర్చుందురు. కొందరు ఈల పట్టి రిఫరీలును అగుదురు. 1964 నాటి టారెన్స్ తండ్రుల వలెనే వీరును రాత్రి నియమావళి చదివి ఉదయము పాఠము చెప్పువారు. సెలవులకు వచ్చిన మనుమడు తాతగారి పెరటిలో బంతి తన్నుచు, తన చొక్కా మీది అంకెను చూపి మురియుట మన పల్లెలలో నేడు కనబడు దృశ్యమే. వాడు గొప్ప ఆటగాడా యని తాత యడుగును. "నేను రెండు క్వార్టర్లు ఆడితిని" అని వాడు చెప్పును.

నలుగురాడు ఆటకు కావలసిన స్థలము పొడవు 25 మొదలు 35 గజములు, వెడల్పు 15 మొదలు 25 గజములు. కళ్లము పాటి చోటు. మన బడి ఆవరణలో జెండా కొయ్యకు ఈవల నున్న ఖాళీ దానికి చాలును. సున్నము, నాలుగు కర్రలు, ఒక చిన్న బంతి, ఎనమండుగురు పిల్లలు, వారిలో ఎవరు ఎంతసేపు ఆడిరో గుర్తు పెట్టుటకు ఒక కాగితము. కాగితమును, పెన్సిలును మన గ్రంథాలయము ఈయగలదు.